తిట్టేటప్పుడు గుర్తున్న కులం, కాగితం మీద రాయమంటే ఎందుకు గుర్తుండదు?

(సికింద్రాబాద్‌లో కార్యకర్తల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మాట్లాడాల్సిన అంశానికి 'రాజకీయ తత్వశాస్త్రం, అమెరికా' అని పేరు పెట్టారు. పేరు వినంగనే కొంతమంది బయటికి పోయి చాయ్ తాగొద్దామని అనుకుని ఉంటారు. జర ఆగండి. తత్వశాస్త్రమంటే భయపడాల్సిన మాటేం కాదు. చెరువు ఎవరిది? పంచాయితీలో ఎవరి మాట చెల్లాలి, ఎందుకు చెల్లాలి? ఊరు మనకు ఏం బాకీ పడ్డది? ఇవి అడగడమే రాజకీయ తత్వశాస్త్రం. మన తాతలు కూడా ఇవే అడిగారు. వాళ్లడిగినవి ఎవరూ పుస్తకాలకెక్కించలేదు. అడిగినందుకు దెబ్బలు మాత్రం పడ్డాయి.

మరి అమెరికా ఎందుకు? ఎందుకంటే అమెరికా మనకు దూరం కాదు. 2008లో వచ్చిన అమెరికా కాన్సులేట్ 2023 మార్చి దాకా ఉన్నది ఇక్కడికి దగ్గర్లోనే, బేగంపేట పైగా ప్యాలెస్‌లో. ఆ తర్వాత నానక్‌రాంగూడకు పోయింది. ఆ గేటు ముందు ఫైలు చంకన పెట్టుకుని నిలబడ్డ పిల్లల్ని మనమందరం చూసినం. చిలుకూరు దేవుడికి వీసా బాలాజీ అని పేరే పడ్డది. ఆ ఫైల్లో డిగ్రీ కాగితాలుంటాయి, బ్యాంకు కాగితాలుంటాయి. కులం సర్టిఫికెట్ ఎవరూ అడగరు. అయినా కులం పోయింది. మనిషి తలకాయలో కూర్చుని విమానం ఎక్కింది. అక్కడ అద్దె గది వెతుక్కునే కాడ, ఆఫీసులో, పెళ్లి సంబంధంలో, 'మీరేమిట్లు?' అనే ప్రశ్నలో తన పని తను చేసుకుంటున్నది.

ఈ రోజు చెప్పదలచుకున్నది ఒక్కటే. 'అందరూ సమానమే' అని చట్టంలో రాసుకుంటే చాలదు. ఏ గాయం తగిలిందో దాని పేరు పెట్టి రాయాలి. పేరు పెట్టని చోట న్యాయం జరగదు. ఈ సంగతి మీద ఇవాళ అమెరికాలో పెద్ద కొట్లాట నడుస్తున్నది. మనకు ఆ కొట్లాట పాతదే.

బాబాసాహెబ్ అక్కడ ఏం నేర్చుకున్నారు?

1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో బాబాసాహెబ్ న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీకి పోయారు. అక్కడ జాన్ డ్యూయీ అనే తత్వవేత్త పాఠాలు విన్నారు. డ్యూయీ చెప్పింది మన మాటల్లో చెప్పుకుందాం. ప్రజాస్వామ్యం అంటే ఓట్లేసి ఇంటికి పోవడం కాదు. అది మనుషులు కలిసి బతికే పద్ధతి. నీ అనుభవం నాకు తెలియాలి, నాది నీకు తెలియాలి. మధ్యలో గోడ ఉంటే ప్రభుత్వం ఉంటుందేమో గానీ ప్రజాస్వామ్యం ఉండదు.

పక్కన కూర్చున్న విద్యార్థులకు ఇది పరీక్షలో రాసే పాఠం. బడికి గోనెపట్టా తెచ్చుకుని విడిగా కూర్చున్నవాడికి, నీళ్లు పోసే ప్యూను రాని రోజు దాహంతో ఉన్నవాడికి ఇది తన బతుకు. 1916లో అదే యూనివర్సిటీ సెమినార్‌లో కులం ఎట్లా పుట్టిందో పత్రం చదివారు. 1936లో 'కుల నిర్మూలన' రాసేటప్పుడు డ్యూయీ ఆలోచనను మన ఊరి మీదికి తిప్పారు. ఊరికీ వాడకూ మధ్య గోడ ఉన్నంతకాలం ఈ దేశం ఒక్క సమాజం కాదన్నారు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో హెచ్చరించారు. ఓటు దగ్గర సమానం, బతుకు దగ్గర అసమానం, ఈ రెండూ ఎక్కువ రోజులు కలిసి సాగవని.

ఆయన అమెరికా నుంచి తీసుకోవడమే కాదు, అక్కడి అణగారిన వాళ్లతో చేయి కలిపారు. 1946లో నల్లవారి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్‌కు ఉత్తరం రాశారు. నల్లవారు తమ బాధను ఐక్యరాజ్యసమితి ముందు పెడుతున్నారని విన్నాను, ఆ విజ్ఞప్తి కాపీలు కావాలని అడిగారు. డుబాయిస్ జవాబు రాశారు. 1972లో బొంబాయిలో మన పిల్లలు సంఘం పెట్టుకుని, అమెరికాలోని బ్లాక్ పాంథర్ల పేరు చూసి దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నారు. ఈ చుట్టరికం ఇవాళ్టిది కాదు.

తెర వేరు, గంతలు వేరు

ఇంకొక అమెరికా తత్వవేత్త ఉన్నాడు. పేరు జాన్ రాల్స్. 1971లో న్యాయం గురించి పెద్ద పుస్తకం రాశాడు. అందులో ఒక ఉపాయం చెప్పాడు. ఊళ్లో రచ్చకట్ట మీద చెప్పినా అర్థమయ్యే ఉపాయమే.

ఊరికి కొత్తగా కట్టుబాట్లు రాయాలనుకోండి. రాసేవాళ్లందర్నీ ఒక తెర వెనక కూర్చోబెట్టాలి. ఆ తెర వెనక ఉన్నంతసేపు తాను ఉన్నోడో లేనోడో, ఆడో మగో, ఎవరి ఇంట్లో పుట్టాడో ఎవరికీ గుర్తుండదు. తెర తీసినాక ఎక్కడ తేలతాడో తెలియదు. దొర గడీలో తేలొచ్చు, మాదిగ గూడెంలో తేలొచ్చు. ఇప్పుడు చెప్పు పటేలా, బావిలో ఎవరు నీళ్లు తోడుకోవాలి? చచ్చిన గొడ్డును ఎవరు ఎత్తాలి? డ్రైనేజీలోకి ఎవరు దిగాలి? తెర వెనక ఉన్న ఏ పటేలూ 'ఒక కులమే ఎత్తాలి, ఒక కులమే దిగాలి' అని రాయడు. తెర తీసేసరికి ఆ కులంలో తనే ఉంటే? మనువు రాసింది తెర వెనక కూర్చుని కాదు. తను ఎక్కడున్నాడో, మనం ఎక్కడున్నామో బాగా తెలిసే రాశాడు.

ఉపాయం బాగుంది. మీ ఊళ్లో యువకులతో ఈ ఆట ఆడించండి, మంచి చర్చ నడుస్తుంది. కానీ దీనికి అడ్డు ప్రశ్న వేసినవాళ్లున్నారు. చార్లెస్ మిల్స్ అనే నల్ల తత్వవేత్త 1997లో తెల్లజాతి పెత్తనం మీద పుస్తకం రాశాడు. ఆయన అభ్యంతరాన్ని మన భాషలోకి దించుకుంటే ఇట్లా ఉంటది. కొత్త ఊరికైతే తెర సరే. మనం ఉన్నది పాత ఊళ్లో కదా. భూములు ఎప్పుడో పంచుకున్నారు. వెట్టి చేయించుకున్నారు. చదువు రానీయలేదు. ఇప్పుడు 'ఎవరి కులమూ చూడొద్దు' అని తెర వేస్తే ఆ పాత లెక్కలన్నీ తెర వెనక్కి పోతాయి. గాయం కనబడకపోతే మందు ఎక్కడ పూస్తావు?

కాబట్టి మనం తేడా పట్టుకోవాలి. నీ స్వార్థం నీకు కనబడకుండా వేసుకునేది తెర. ఎదుటివాడి గాయం కనబడకుండా కట్టుకునేవి గంతలు. తెర పేరు చెప్పి గంతలు అమ్మేవాళ్లు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు.

అమెరికాలో ఇప్పుడు ఏం జరుగుతున్నది?

బానిసత్వం పోయినాక 1868లో అమెరికా రాజ్యాంగానికి 14వ సవరణ చేశారు. చట్టం అందర్నీ సమానంగా కాపాడాలని రాసుకున్నారు. 1896లో వాళ్ల సుప్రీంకోర్టు ఏమన్నది? నల్లవారికి రైలు పెట్టె వేరైనా సమానమే అన్నది. సమానత్వం అనే మాటతోనే అంటరానితనం నడిపించారు. రెండు గ్లాసులు పెట్టి, రెండింట్లోనూ చాయే కదా అన్నట్టు. 1954లో బడుల కేసులో కోర్టు ఆ మాట వెనక్కి తీసుకున్నది. నల్లవారు రోడ్లెక్కి దెబ్బలు తిని, జైళ్లకు పోయి పోరాడినాక 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. జాతి, రంగు, మతం, ఆడమగ, పుట్టిన దేశం అని పేరు పేరునా రాశారు. 1965లో ప్రెసిడెంట్ జాన్సన్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. ప్రభుత్వ కాంట్రాక్టు తీసుకునే కంపెనీ వివక్ష చూపకూడదు, అందరికీ అవకాశం అందేలా తనే పూనుకుని పనిచేయాలి అని.

2023 జూన్ 29న అక్కడి సుప్రీంకోర్టు యూనివర్సిటీ సీట్ల దగ్గర జాతిని లెక్కలోకి తీసుకోవద్దన్నది. చట్టం పుస్తకంలో జాతిని చూడనంత మాత్రాన బతుకులో జాతి పోదని కేటాంజీ బ్రౌన్ జాక్సన్ అనే నల్ల మహిళా జడ్జి ఆ తీర్పుతో విభేదించింది. 2025 జనవరి 21న, పదవిలోకి వచ్చిన రెండో రోజే, ప్రెసిడెంట్ ట్రంప్ జాన్సన్ నాటి ఉత్తర్వును రద్దు చేశాడు. అరవై ఏండ్లు నిలిచిన ఉత్తర్వు ఒక్క సంతకంతో పోయింది. చెప్పిన కారణం ప్రతిభ, అందరికీ ఒకటే కొలత. ఈ మాటలు మీరు ఎక్కడన్నా విన్నారా? 1990లో మండల్‌కు ఎదురుగా రోడ్లెక్కినవాళ్ల నోట మనం విన్న మాటలే ఇవి.

మన తెలుగు అగ్రకులాల వాళ్లు అక్కడ ఏ దారిన పోయారో కూడా తెలుసుకోవాలి. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ అమెరికా పౌరసత్వం కావాలని సుప్రీంకోర్టు దాకా పోయాడు. ఆయన తరఫున చేసిన వాదన ఏంది? మేము ఉన్నత కులం ఆర్యులం, కాబట్టి తెల్లవాళ్లమే అని. కోర్టు ఒప్పుకోలేదు. కులం చూపించి తెల్లతనం అడిగితే తలుపు మూశారు. తలుపు బాగా తెరుచుకున్నది 1965 వలస చట్టంతో. ఏ దేశంలో పుట్టావనేదాన్ని బట్టి కోటా పెట్టే పాత పద్ధతి ఆ చట్టంతో పోయింది. నల్లవారి పౌరహక్కుల ఉద్యమం దేశాన్ని కదిలించబట్టే ఆ చట్టం వచ్చింది. నల్లవారు తెరిచిన తలుపులోంచి లోపలికి పోయి, మళ్లీ లోపల కులం గోడ కట్టుకోవడం ఏం న్యాయం?

సియాటిల్ ఒక మాట, కాలిఫోర్నియా ఒక మాట

2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ ఒకటి సిస్కో కంపెనీ మీద కేసు వేసింది. ఒక దళిత ఇంజనీరును పై కులాల అధికారులు వేధించారని ఆరోపణ. కంపెనీ కాదన్నది. 2023లో ఆ ఇద్దరు అధికారుల మీద కేసు వెనక్కి తీసుకున్నారు, కంపెనీ మీద ఉంచారు. ఆరోపణ నిజమో కాదో ఇక్కడ కూర్చుని మనం తేల్చలేం. మనం చూడాల్సింది వేరే ఉంది. చట్టంలో కులం అనే మాట లేదు. అందుకని మతం, వంశం, జాతి, రంగు అనే మాటల కింద కులాన్ని ఇరికించి వాదించాల్సి వచ్చింది. పామును పాము అనే మాట లేకుండా వర్ణించినట్టు.

2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగర కౌన్సిల్ ఆరు ఓట్లకు ఒక ఓటుతో చట్టం చేసింది. ఉద్యోగంలో, అద్దె ఇంట్లో, నలుగురూ వచ్చే చోట కులం పేరిట వివక్ష కూడదని. తీర్మానం పెట్టింది క్షమా సావంత్. అమెరికాలో ఇట్లా కులం పేరు పెట్టి చట్టం చేసిన మొదటి నగరం అదే. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ కూడా బిల్లు పాస్ చేసింది. అక్టోబర్‌లో గవర్నర్ న్యూసమ్ దాన్ని వెనక్కి కొట్టాడు. వంశం పేరిట వివక్ష ఇప్పటికే నేరం, కులం అందులోకే వస్తుంది, వేరే చట్టం అక్కర్లేదు అన్నాడు.

ఎదిరించినవాళ్ల మాట కూడా న్యాయంగా చెప్పుకుందాం. కులం అని రాస్తే భారతీయులందర్నీ, ముఖ్యంగా హిందువుల్ని, అనుమానంగా చూస్తారని వాళ్ల భయం. దానికి జవాబు చట్టంలోనే ఉంది. అందులో కులం అని ఉంది గానీ ఏ మతం పేరూ లేదు. కులం గుడికే కాదు, చర్చికీ పోయింది, మసీదుకూ పోయింది. మన చర్చిల్లో మాల బెంచీ, మాదిగ బెంచీ ఎరగనివాళ్లు ఈ తరగతిలో ఎవరన్నా ఉన్నారా? వివక్ష చూపనివాడిని ఆ చట్టం ఏమీ చేయదు.

మన కాజీపేటలో పుట్టిన సుజాత గిడ్ల న్యూయార్క్ మెట్రోలో కండక్టర్‌గా పనిచేస్తూ 2017లో తన కుటుంబ చరిత్రను ఇంగ్లీషులో పుస్తకంగా తెచ్చింది. శివసాగర్ ఆమె మేనమామ. మనం ఉన్నామని, మనకు ఇది జరిగిందని లోకానికి పేరు పెట్టి చెప్పింది.

కారంచేడు, చుండూరు ఏం చెప్పాయి?

1985 జూలై 17న కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవకు ఆరుగురు మాదిగల్ని చంపారు. హత్య నేరమని శిక్షాస్మృతిలో అప్పటికే ఉంది. 1955 నుంచి అంటరానితనం చట్టం ఉంది. రాజ్యాంగంలో 17వ అధికరణ ఉంది. అన్నీ ఉండగా 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఎందుకు కావాల్సి వచ్చింది? అక్కడ జరిగింది మామూలు హత్య కాదు కాబట్టి. ఒక కులాన్ని దాని చోట దాన్ని కూర్చోబెట్టడానికి చేసిన హత్య కాబట్టి. ఆ సంగతి చట్టం గుర్తించాలంటే పేరు పెట్టాల్సి వచ్చింది. చట్టం ఢిల్లీ నుంచి దయతో రాలేదు. శిబిరాల్లో కూర్చున్న తల్లులు, దళిత మహాసభ, దేశమంతటి దళితులు కొట్లాడి తెచ్చుకున్నారు.

పేరు పెడితే అంతా అయిపోతుందా? కాదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. కొట్లాడితే ప్రత్యేక కోర్టు ఊళ్లోనే పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు కేసు కొట్టేసింది. పేరు పెట్టడం మొదటి మెట్టు. దాని మీద నిలబడే జనం లేకపోతే ఆ మెట్టు కూడా గుంజేస్తారు. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని పల్చన చేసింది. ఏప్రిల్ 2న దేశమంతా బంద్ జరిగింది. ఆగస్టులో పార్లమెంటు చట్టాన్ని సరిచేసింది. అమెరికా నల్లవారికి ఇవాళ మనం చెప్పగల అనుభవం ఇది.

ఇదే కొలత మన ఇంట్లో

ఇప్పుడు చేదు మాట. 'పేరు పెట్టి రాయండి' అని అమెరికాలో అగ్రకులాలను అడుగుతున్నాం. అదే మాట మనలో మనం అడిగితే ఎందుకు గొంతు పట్టుకుంటది?

1994 నుంచి మాదిగలు దండోరా వేసి అడిగింది ఇదే. ఎస్సీ అనే ఒక్క మాట కింద అందర్నీ కలిపితే ఎవరికి ఎంత అందిందో కనబడదని. 2000లో వర్గీకరణ చట్టం వచ్చింది, 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2023 నవంబర్‌లో ఇక్కడి పరేడ్ గ్రౌండ్‌కు ప్రధానమంత్రి వచ్చి మాదిగల సభలో కమిటీ వేస్తామని చెప్పిపోయాడు. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం వర్గీకరణ చేయొచ్చన్నది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో 59 కులాలను మూడు గుంపులు చేసి 1, 9, 5 శాతాలుగా 15 శాతాన్ని పంచారు.

లెక్కల మీద తగువు ఉండొచ్చు. ఏ కులం ఏ గుంపులో ఉండాలనే మీద అభ్యంతరాలు ఉండొచ్చు. అవి లెక్కలతో మాట్లాడుకోవాలి. కానీ 'పేరెత్తొద్దు, పేరెత్తితే ఐక్యత చెడుతది' అనే వాదన మనం చేయొద్దు. కాలిఫోర్నియాలో అగ్రకులం చెప్పింది ఆ మాటే. డక్కలి, చిందు, రెల్లి అన్నదమ్ములు తమ గాయం పేరు చెప్పుకుంటే వినలేని ఐక్యత, ఐక్యత కాదు. తెర వెనక కూర్చుని ఆలోచిద్దాం. తెర తీసేసరికి నేను మాలనో, మాదిగనో, డక్కలినో తెలియదు. అప్పుడు ఏ పంపకం న్యాయమంటాను?

పేరు రెండు రకాలు. వాళ్లు మన మీద వేసే పేరు ఒకటి. మనం నిలబడి చెప్పుకునే పేరు ఒకటి. 1917లో బెజవాడ సభకు 'పంచమ' అని పేరు పెడితే, అధ్యక్షుడిగా పోయిన హైదరాబాద్ భాగ్యరెడ్డి వర్మ ఆ పేరు కాదన్నారు. మేం ఈ నేలకు మొదటివాళ్లం, ఆది ఆంధ్రులం అన్నారు. తిట్టు పేరును తోసేసి హక్కు పేరు తెచ్చుకోవడం మన ఇంటి విద్య.

ఊరికి పోయి ఏం చేయాలి?

ఊళ్లో వాళ్లు తిట్టేటప్పుడు కులం పేరు బాగా గుర్తుంటది. పోలీసు స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ రాయించబోతే మాత్రం 'కులం గొడవ ఎందుకయ్యా, మామూలు తగాదా అని రాసుకుందాం' అంటారు. ఒప్పుకోవద్దు.

ఒకటి. ఫిర్యాదులో బాధితుడి కులం, ఎదుటివాడి కులం, అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయించండి. నలుగురికీ కనబడే చోట కులం పేరుతో తిడితే అత్యాచారాల చట్టం సెక్షన్ 3(1)(ఎస్), అవమానిస్తే 3(1)(ఆర్). చూసినవాళ్ల పేర్లు రాయించండి.

రెండు. ఎఫ్‌ఐఆర్ వేయడానికి ముందు విచారణ చేయాలంటే కుదరదు, 2018 సవరణ ఆ మాట స్పష్టంగా చెప్పింది. ఎఫ్‌ఐఆర్ కాపీ డబ్బు కట్టకుండా తీసుకోండి. దర్యాప్తు డీఎస్పీకి తగ్గని అధికారి చేయాలి. కావాలని విధి తప్పిన అధికారి మీద సెక్షన్ 4 ఉంది.

మూడు. జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన విజిలెన్స్ కమిటీ ఉంటుంది. మూడు నెలలకోసారి కూర్చోవాలని రూలు. మీ జిల్లాలో పోయినసారి ఎప్పుడు కూర్చున్నదో సమాచార హక్కు కింద అడగండి.

నాలుగు. చర్చికి పోయేవాళ్లు ఈ సంగతి తెలిసి ఉండాలి. 1950 ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి పోయిన దళితుడిని ఎస్సీ కిందకి లెక్కగట్టరు. కాగితం కులం పోయిందంటది, ఊరు పోనివ్వదు. ఇది కూడా పేరు కోసం చేయాల్సిన కొట్లాటే.

అయిదు. మీ ఊరి పట్టీ మీరే రాయండి. రెండు గ్లాసుల హోటల్ ఎక్కడ, రానీయని గుడి ఏది, బొందలగడ్డకు దారి లేని వాడ ఏది, బతుకమ్మ దగ్గర మన ఆడోళ్లను ఆడనీయని చోటు ఏది. పేరు, తేదీ, చోటు. ఆ పట్టీ లేకుండా ఊళ్లో వివక్ష లేదని సర్పంచి సర్టిఫికెట్ ఇస్తాడు.

కొలంబియాలో బాబాసాహెబ్ విన్న పాఠానికి పరీక్ష సియాటిల్‌లోనూ ఉంది, మీ ఊరి బోరింగు దగ్గరా ఉంది. వచ్చే తరగతికి ప్రతి ఊరి నుంచి ఆ పట్టీ రాసి తీసుకురండి. దాని మీదే మాట్లాడుకుందాం.

జై భీమ్!